నకళ్ళలో బతికిన ఆట

క్రికెట్ ఆటకు ఛాయాచిత్రం చాలా ఆలస్యంగా అందింది. రోజర్ ఫెంటన్ 1857లో తీసిన మైదానపు ఛాయాచిత్రాన్ని తొలినాటివాటిలో ఒకటిగా చెబుతారు. అప్పటికి ఆట నియమాలు అక్షరబద్ధమై నూరేళ్ళు దాటింది. మేరిలబోన్ క్రికెట్ క్లబ్బు పుట్టి డెబ్బై ఏళ్ళయింది. హాంబుల్డన్ జట్టు వైభవం ముసలివాళ్ళు చెప్పుకునే కథగా మారిపోయింది. అంటే, అంతకు ముందు ఆడిన ఆటను మనం చూడగోరితే కుంచెనో ఉలినో ఆశ్రయించక తప్పదు. ఇంతవరకూ అందరికీ తెలిసిన సంగతే. తెలిసీ మనం పట్టించుకోనిది మరొకటి ఉంది. పుస్తకాలలోనూ గోడల మీదా మనకు ఎదురయ్యే ఆ పాత క్రికెట్ చిత్రాలలో మూలచిత్రాలు బహు తక్కువ. చూసి వేసినవి, వేసినదాన్ని చూసి చెక్కినవి, చెక్కినదాన్ని చూసి మళ్ళీ రంగుల్లో దించినవి... అన్నీ నకళ్ళే. నకలు అనగానే మనకొక చులకన. ఈ ఆట విషయంలో ఆ చులకన న్యాయం కాదని నా అభిప్రాయం. ఎందుకో చెప్పాలంటే ఒక తోటతో మొదలుపెట్టాలి.

లండనులో థేమ్సు నదికి దక్షిణపు గట్టున వాక్స్‌హాల్ అనే విహారోద్యానం ఉండేది. జోనథన్ టయర్స్ అనే ఆయన దానిని 1729లో కౌలుకు తీసుకుని, 1732లో కొత్త హంగులతో తెరిచాడు. ఒక షిల్లింగు చెల్లించగలవారెవరైనా లోపలికి వెళ్ళి సంగీతం వినవచ్చు, దీపాల వెలుగులో చెట్ల నడుమ తిరగవచ్చు, రాత్రి భోజనం చేయవచ్చు. (అక్కడ వడ్డించే మాంసపు ముక్కలు ఎంత పలుచనంటే, వాటిగుండా వార్తాపత్రిక చదువుకోవచ్చని ఆనాటి ఎకసెక్కం.) భోజనం కోసం ముందువైపు తెరిచి ఉండే చిన్న చిన్న గదులు వరుసగా కట్టించాడు. 1740ల తొలినాళ్ళలో ఆ గదుల వెనుక గోడలకు పెద్ద పెద్ద చిత్రాలు అమర్చారు. వాటిలో అధికభాగం ఫ్రాన్సిస్ హేమన్, అతని కార్యశాలలోని వారు వేసినవి.

ఆ చిత్రాలలో పురాణపురుషులు లేరు, రాజులు అంతగా లేరు. ఉయ్యాలబల్ల ఊగే పిల్లలు, మంచు మీద జారేవాళ్ళు, పేకముక్కలతో ఇల్లు కట్టేవాళ్ళు, పాలమ్మే పడుచుల మేడే ఉత్సవం. ఈ వరుసలోనే క్రికెట్ కూడా. నాకు ఇది ముఖ్యమనిపిస్తుంది. తరువాతి కాలంలో సామ్రాజ్యానికీ సచ్ఛీలానికీ చిహ్నంగా పూజలందుకున్న ఆట, మొదటిసారి పెద్ద చిత్రంగా జనం ముందుకు వచ్చినప్పుడు ఉయ్యాలబల్లకు తోబుట్టువుగా వచ్చింది. భోజనం చేసేవాళ్ళ వెనుక గోడకు వేలాడింది.

అలా వేలాడినందుకు మూల్యమూ చెల్లించింది. ఆరుబయలు గాలి, లండను తేమ, వేల దీపాల పొగ, తాగి ఉన్న అతిథుల చేతులు. చెడిపోయినప్పుడల్లా పైన రంగు పూయడం, మెరుగు నూనె రాయడం. 1841లో మిగిలిన చిత్రాలను వేలం వేశారు. 1859లో తోట శాశ్వతంగా మూతపడింది. పాలమ్మే పడుచుల చిత్రం, మంచు మీద జారే చిత్రం విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియానికి చేరాయి. ఉయ్యాలబల్ల చిత్రం టేట్ సంగ్రహంలో ఉంది. చాలావాటి గతి మాత్రం అంతే. అయినా వాక్స్‌హాల్ క్రికెట్ ఎలా ఉండేదో మనకు తెలుసు. కారణం, 1743లో ఆంట్వాన్ బెన్వా అనే చెక్కుడు పనివాడు దానిని రాగిరేకు మీద చెక్కి ముద్ర వేశాడు. అటుపైన ఆ బొమ్మ ఎక్కడెక్కడికి వెళ్ళిందో లెక్క లేదు. ముద్రలను చూసి ముద్రలు వేశారు, ముద్రలను చూసి తైలవర్ణ చిత్రాలు వేశారు. హేమన్ పేరుతో ఒక క్రికెట్ చిత్రం లార్డ్స్ మైదానంలోని సంగ్రహంలో నేటికీ ఉంది.

ఆ సంగ్రహంలోనే ఒక రుమాలు కూడా ఉంది. నడుమ ఆట దృశ్యం, అంచుల వెంబడి 1744 నాటి నియమాలు. వికెట్టు ఎత్తు 22 అంగుళాలు, మీది బెయిలు 6 అంగుళాలు ఉండాలన్న ఆ నియమాలు చేతిగుడ్డ మీద జేబుల్లో తిరిగాయన్నమాట. చీరాల తేలియా రుమాళ్ళను ఎరిగిన మనకు గుడ్డ మీది బొమ్మ వింత కాదు గాని, చట్టాన్ని గుడ్డ మీద అచ్చువేసుకోవడం మాత్రం వింతే.

ఇక్కడ నకలు తీసేవాడి పని గురించి కొంచెం ఆగి చెప్పాలి. రాగిరేకు మీద బొమ్మను ఉన్నదున్నట్లు చెక్కితే, కాగితం మీద అది కుడిఎడమలు తారుమారై పడుతుంది. శ్రద్ధ గలవాడు మూలాన్ని అద్దంలో చూస్తూ తిప్పి చెక్కుతాడు. తొందరలో ఉన్నవాడు, లేదా మరొకరి ముద్రను దొంగచాటుగా అనుకరించేవాడు, ఆ శ్రమ పడడు. ప్రకృతి దృశ్యమైతే దీనివల్ల వచ్చే నష్టం పెద్దగా లేదు. చెట్టు ఇటు కాక అటు ఉంటుంది. క్రికెట్‌లో అలా కాదు. మైదానంలోని వాళ్ళందరూ ఉన్నట్లుండి ఎడమచేతి వాటం వాళ్ళయిపోతారు! పాత క్రికెట్ చిత్రంలో బ్యాటు పట్టినవాడూ బంతి వేసేవాడూ ఇద్దరూ ఎడమచేతి వాటమే అయితే, అది మూలచిత్రం కాదేమో, తిరగబడిన ముద్రను చూసి వేసినదేమో అని శంకించడం మంచిది.

ఇంకా చిత్రం రంగుల విషయం. ముద్ర నలుపు తెలుపుల్లో ఉంటుంది. దానిని చూసి తైలవర్ణంలో వేసేవాడికి మూలంలో ఆటగాడి కోటు ఏ రంగో తెలియదు. అతడు తన ఊహతో ఎరుపో నీలమో పూస్తాడు. రెండు తరాల తరువాత చరిత్రకారుడు ఆ నీలాన్ని చూసి జట్టుకొక రంగు ఉండేదని నిర్ణయిస్తే, ఆ తప్పు ఎవరిది?

కుంచె పట్టినవాడు ఆటను ఎరిగినవాడైతే మరో రకం ప్రమాదం. పద్దెనిమిదో శతాబ్దపు తొలి మూడు భాగాల్లో వికెట్టుకు రెండే కర్రలు. 1775లో లండను ఆర్టిలరీ మైదానంలో లంపీ స్టీవెన్స్ వేసిన బంతి జాన్ స్మాల్ కాపాడుతున్న వికెట్టు రెండు కర్రల సందులోంచి మూడుసార్లు దూసుకుపోయినా బెయిలు పడలేదు. ఆ అన్యాయం చూసి మూడో కర్ర నాటారు. బ్యాటు సంగతీ ఇంతే. నేల మీద దొర్లి వచ్చే బంతిని కొట్టడానికి హాకీ కర్రలా వంపు తిరిగి ఉండేది. బంతి గాలిలో ఎగిరి వచ్చి నేలను తాకి లేవడం మొదలయ్యాక నిటారుగా అయింది. దాని వెడల్పు నాలుగుంపావు అంగుళాలు దాటరాదన్న కట్టడి 1771లో ఒకడు వికెట్టంత వెడల్పు బ్యాటుతో దిగిన తరువాత వచ్చింది. ఫ్రాన్సిస్ కోట్స్ 1768లో వేసిన లూయిస్ కేజ్ అనే బాలుడి చిత్రంలో వంపు బ్యాటు, రెండు కర్రల వికెట్టు కనిపిస్తాయి. అది ఆ ఏటికి సరిగ్గా సరిపోయిన సాక్ష్యం. ఆట తెలిసిన నకలుగాడు జాలిపడి అక్కడ మూడో కర్ర పాతాడంటే ఆ సాక్ష్యం పోతుంది. తెలియనివాడు కనీసం ఉన్నన్ని కర్రలే వేస్తాడు.

తెలియనివాడు చేసే పొరపాట్లు వేరు. ఒక మిత్రుని ఇంట హాలులో వేలాడే చేతివ్రాత ప్రతిని నేను తీరికగా చూశాను. మేఘాలు అద్భుతం, గడ్డి మీది ఎండ అద్భుతం, గుడారాల తెలుపు మరీ అద్భుతం. బెయిళ్ళు మాత్రం లేవు. వేసినవాడికి ఆ సన్నని గీత కాన్వాసు మీది మరకలా తోచి ఉంటుంది. వికెట్టు వెనుక వంగి ఉన్న మనిషి ఏదో పారేసుకుని వెదుకుతున్నట్లున్నాడు. మిత్రునికి ఆ విషయం చెప్పలేదు. చెబితే ఇక ఆయనకు ఆ మేఘాలు కనబడవు.

ఇటువంటి ప్రతులు ఎక్కడ తయారవుతాయి అంటే చాలామంది చైనాలోని షెంజెన్ నగరంలో ఉన్న దాఫెన్ పేరు చెబుతారు. హుయాంగ్ జియాంగ్ అనే వ్యాపారి 1989లో కొద్దిమంది చిత్రకారులతో అక్కడికి చేరాడు. అద్దె తక్కువ, హాంకాంగు దగ్గర. కొన్నేళ్ళలో అది వేలమంది తైలవర్ణ ప్రతులు వేసే ఊరయింది. 2008 ఆర్థిక సంక్షోభంలో విదేశపు బేరాలు బాగా తగ్గాయి. ఒకడు ఆకాశం, ఒకడు చెట్లు, ఒకడు ముఖాలు వేస్తూ యంత్రశాలలా సాగుతుందన్న ప్రచారం ఉంది. విన్నీ వాంగ్ అనే పరిశోధకురాలు 2013లో వెలువరించిన పుస్తకంలో ఆ ఊహను ప్రశ్నించింది. అక్కడి పనివాడు సాధారణంగా ఒక బొమ్మను తానే మొదటినుంచి చివరిదాకా వేస్తాడట.

ఈ మాట చదివాక నాకు నవ్వు వచ్చింది. ఎందుకంటే రంగుకొక మనిషిని కూర్చోబెట్టే పద్ధతి నిజంగా నడిచినది పశ్చిమ దేశాలలోనే. పందొమ్మిదో శతాబ్దంలో న్యూయార్కులోని కరియర్ అండ్ ఐవ్స్ ముద్రణాలయంలో ఆడపిల్లలు బల్ల చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కొక్క రంగు పూసి కాగితాన్ని పక్కవారికి అందించేవారు. రంగుల ముద్రణ రాకముందు మనం "రంగుల బొమ్మ" అనుకునే ప్రతి కాగితమూ చేతితో రంగు వేసినదే. తామస్ రోలండ్సన్ 1811లో చెక్కిన మహిళల క్రికెట్ బొమ్మ అలాంటిదే. ఆ ఏడాది అక్టోబరులో లండను శివారులో హాంప్‌షైర్, సర్రే స్త్రీలు ఇద్దరు ప్రభువుల పందెం కోసం ఆడారు. పందెం 500 గినీలు. గెలిచింది హాంప్‌షైర్ వాళ్ళు. ముద్ర ఒకటే అయినా ఒక్కొక్క కాగితంలో ఆ స్త్రీల పరికిణీల రంగు ఒక్కొక్క తీరుగా ఉండవచ్చు. చేతితో రంగులద్దినవాటిలో రెండు కాగితాలు పోలికగా ఉండవు. మరి వాటిలో మూలం ఏది, నకలు ఏది?

నకళ్ళను తప్పుబట్టేవారు మూలచిత్రాలు సత్యమే పలుకుతాయని అనుకుంటారు. లార్డ్స్‌లో ఒక పెద్ద చిత్రం ఉంది. బారబుల్, పాన్సన్‌బీ స్టేపుల్స్ కలిసి 1887లో పూర్తి చేసినది. ఇంగ్లండ్, ఆస్ట్రేలియా ఆడుతున్నాయి. ప్రేక్షకులలో వేల్స్ యువరాజు, ఆయన భార్య, నటి లిలీ లాంగ్‌ట్రీ కనిపిస్తారు. అంతా బాగుంది గాని, ఆ ఆట జరగలేదు! కల్పిత క్రికెట్ పందెం అనే దాని పేరు. అంతకు ముందరి తరంలో డ్రమండ్, బేస్బీ వేసిన బ్రైటన్ చిత్రంలోనూ ఎందరెందరో ప్రముఖులు ఒకేచోట గుమిగూడారు. 1849లో దాని ముద్ర వెలువడింది. ముద్ర కొనేవాళ్ళు తమకు తెలిసిన ముఖాలను వెదుక్కుంటారు కదా, ముఖాలు ఎన్ని ఎక్కువైతే అంత గిరాకీ. అంటే నకలు అమ్ముడుపోవాలన్న లెక్క మూలచిత్రం రూపాన్నే నిర్ణయించిందన్నమాట.

నకలులో దోషం లేదంటున్నానని నేను కూటచిత్రాలను సమర్థిస్తున్నానని అనుకోవద్దు. ఆ రెండింటికీ మధ్య ఉన్న గీత చాలా సన్ననిది, చాలా గట్టిది. లూవ్ర్ మ్యూజియంలో చిత్రాలను చూసి నకలు వేసుకోవడానికి 1793 నుంచి అనుమతి ఉంది. కాని నకలు మూలమంత ఉండకూడదు, అయిదో వంతైనా పెద్దదో చిన్నదో కావాలి. చిత్రకారుని సంతకం దించకూడదు. ఎంత సులువైన, ఎంత తెలివైన నియమం! అది నకలుగాడిని అవమానించదు, అతని పనికి అతని పేరు పెడుతుంది అంతే.

ఆ గీత దాటితే ఏమవుతుందో సర్ జెరెమియా కోల్మన్‌ను అడగాలి. ఆవపొడి వ్యాపారంలో పేరుమోసిన కుటుంబంవాడు. క్రికెట్ మీద ప్రేమతో జీవితమంతా పాత చిత్రాలూ ముద్రలూ సేకరించాడు. ఆ సంపద 1941లో ఒక అందమైన పుస్తకంగా వచ్చింది. అందులో పెద్ద భాగం తరువాత మేరిలబోన్ క్లబ్బుకు చేరింది. ఆ పైన నిపుణులు పరిశీలించగా వాటిలో కొన్ని కూటచిత్రాలని తేలింది. ఇటువంటి మోసానికి కొత్త చిత్రం వేయనక్కరలేదు. పద్దెనిమిదో శతాబ్దపు మామూలు పల్లె దృశ్యం చవకగా కొని, గడ్డి మీద రెండు కర్రలు నాటి, నిలబడి ఉన్న పిల్లవాడి చేతికి వంపు బ్యాటు అందిస్తే చాలు. కాన్వాసు పాతదే, మేకులు పాతవే, పగుళ్ళు పాతవే. క్రికెట్ మాత్రం కొత్తది. కోల్మన్ తెలివితక్కువవాడు కాదు. అతడు బొమ్మను కాక బొమ్మలో ఆటను వెదికాడు, వెదికినది దొరికింది. తన పేరు తాను చెప్పుకునే నకలు వంద ఉన్నా చరిత్రకు హాని లేదు. పేరు దాచుకున్నది ఒక్కటి చాలు, పక్కనున్న అసలు చిత్రాలను కూడా అనుమానించవలసి వస్తుంది.

నకలు విలువ మనకు ఇంగ్లండు వాళ్ళు చెప్పనక్కరలేదు. అజంతా కుడ్యచిత్రాలు నిజాము రాజ్యంలో ఉండగా, మద్రాసు సైన్యపు అధికారి రాబర్ట్ గిల్ 1844 నుంచి ఏళ్ళ తరబడి ఆ గుహల వద్దే ఉండి వాటికి తైలవర్ణ ప్రతులు వేశాడు. అవి లండనులో ప్రదర్శనలో ఉండగా 1866 డిసెంబరులో క్రిస్టల్ ప్యాలెస్ అగ్నిప్రమాదంలో తగలబడ్డాయి. తరువాత గ్రిఫిత్స్ బొంబాయి విద్యార్థులతో 1872 నుంచి 1885 వరకు మళ్ళీ వేయించాడు. వాటిలోనూ చాలా భాగం 1885లో నిప్పు పాలయింది. ఆ పైన లేడీ హెరింగమ్, నందలాల్ బోస్ వంటివారు. ఆ పైన హైదరాబాదు రాజ్యపు పురావస్తుశాఖ. పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియంలో అజంతా ప్రతులను చూసినవారికి తెలుసు, గుహల గోడల మీద ఈనాడు రాలిపోయిన కొన్ని గీతలు ఆ కాగితాల మీదే మిగిలాయి. అక్కడ నకలే సాక్షి. వాక్స్‌హాల్ క్రికెట్‌కు బెన్వా రాగిరేకు ఏమైతే, రాలిపోయిన అజంతా గీతలకు ఆ ప్రతులు అవి.

ఇక అందరూ ఎక్కువగా వేయించుకునే క్రికెట్ చిత్రాలలో ఒకటి గురించి చెప్పి ముగిస్తాను. కెంట్ కౌంటీ 1906లో తొలిసారి ఛాంపియన్‌షిప్ గెలిచింది. ఆ గెలుపును చిత్రంగా నిలుపుకోవాలని లార్డ్ హ్యారిస్ తలపోశాడు. కాంటర్‌బరీ మైదానంలో ఆట సాగుతూ ఉండాలి, కాలిన్ బ్లైత్ బంతి వేస్తూ ఉండాలి అని కోరాడు. ఆల్బర్ట్ షెవలియర్ టేలర్ ఆ పనికి కుదిరాడు. అంతకు ముందే, 1905లో, బెల్డమ్ తీసిన ఛాయాచిత్రాల ఆధారంగా నలభై ఎనిమిదిమంది ఆటగాళ్ళ బొమ్మలు గీసి రంగుల శిలాముద్రలుగా వెలువరించినవాడు. కనుక నకలు సంగతి అతనికి బాగానే తెలుసు. ఈసారి మాత్రం ఆటగాళ్ళు తన ఎదుట కూర్చున్నారు. 1907లో చిత్రం పూర్తయింది. బ్లైత్ పరుగెత్తి వచ్చి బంతి విడుస్తున్నాడు. ఎదుట లాంకషైర్ జానీ టిల్డ్స్‌లీ.

బ్లైత్ ఎడమచేతి నెమ్మది బౌలరు. వయొలిన్ వాయించేవాడు. చిత్రం పూర్తయిన ఆ ఏడాదే నార్తాంప్టన్‌షైర్ మీద ఒక్కరోజులో 17 వికెట్లు తీశాడు. 1917 నవంబరు 8న పాషెండేల్ సమీపాన ఫిరంగిగుండు పేలి మరణించాడు. టేలర్ చిత్రంలో అతడు ఇంకా బంతి విడుస్తూనే ఉన్నాడు.

ఆ చిత్రం చాలాకాలం కెంట్ క్లబ్బు దగ్గరే ఉంది. బీమా ఖర్చు భరించలేక దానిని లార్డ్స్‌కు అప్పగించారు. 2006లో వేలం వేస్తే ఖర్చులతో కలిపి 6,80,000 పౌండ్లు పలికింది. కొన్నవారు దానిని లార్డ్స్‌లోనే ఉంచేందుకు అరువిచ్చారు. దానిని కొనలేనివాళ్ళు నకలు వేయించుకుంటారు. టేలర్ 1925లో పోయాడు కనుక ఆ బొమ్మ మీద ఎవరికీ హక్కు మిగల్లేదు. కాన్వాసు మీద గళ్ళు గీసుకునో, బొమ్మను వెలుగుతో పడవేసుకునో ఎవరైనా వేయవచ్చు. అటువంటి ప్రతి ఏదైనా మీ కంటబడితే ఒక్క క్షణం ఆగి బ్లైత్ ఏ చేతితో బంతి వేస్తున్నాడో చూడండి. ఆ తరువాత చిత్రాన్ని వెనక్కి తిప్పి, వేసినవాడు తన పేరు రాసుకున్నాడేమో కూడా చూడండి.